మ.రా.రా.శ్రీ స్పీకర్ దంపతులకు

మా హాల్లో తూర్పు గోడకు అడుగున్నర దూరంలో, ఒకరికొకరు ఏడడుగుల ఎడంగా, నావైపు కాస్త తలలు తిప్పి నిలబడిన మ.రా.రా.శ్రీ కుడి స్పీకర్ గారికి, వారి వామభాగాన వెలసిన ఎడమ స్పీకరమ్మ గారికి, పదహారు నెలలుగా మీ ఎదుట చేతులు కట్టుకుని కూర్చుంటున్న మీ యజమాని (బిల్లు మీద మాత్రమే) నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నిన్న రాత్రి మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు వచ్చారు. మీరూ చూశారు కదా. హాలు నడిమధ్యలో ఉన్న సోఫా చుట్టూ ప్రదక్షిణ చేసి, మీ ముందు ఆగి, ముసుగు గుడ్డ మీద వేలితో తట్టి, "ఇవేనా సార్, మూడు లక్షల స్పీకర్లు? ఈసారి వినాయక చవితికి మైకుసెట్టు దండగ ఎందుకండీ, వీటినే కింద పార్కింగ్‌లో పెట్టేద్దాం" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఆలోచించి చెప్తానండీ" అన్నాను. ఆలోచిస్తే నిద్ర పట్టలేదు. అందుకని ఈ ఉత్తరం.

మనం మొదట కలిసింది షోరూమ్‌లో. గోడలకు దళసరి నురగ పలకలు, కింద మెత్తటి తివాచీ, ఏసీ ఉందో లేదో కూడా తెలియనంత నిశ్శబ్దం. (మా ఇంట్లో కుక్కర్ విజిల్ వినపడని చోటు లేదు, బాత్రూమ్‌తో సహా.) అక్కడి కుర్రాడు టీ ఇచ్చి, లైట్లు తగ్గించి, ఆడియో షోరూమ్ అన్న ప్రతి చోటా మోగే ఆ అమెరికా బ్యాండు వాళ్ళ 1994 నాటి లైవ్ పాట వేశాడు. గిటారు తీగలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. డ్రమ్ము పడగానే నా కడుపులో టీ కదిలింది. "సార్, ఇది అన్ని రకాల మ్యూజిక్‌కీ పనికొస్తుంది. రాక్, జాజ్, కర్ణాటక్, సినిమా, మీ ఇష్టం" అన్నాడు. "అయితే ఘంటసాల వెయ్యి బాబూ" అన్నాను. కుర్రాడి మొహంలో కళ తగ్గింది. "రికార్డింగ్ బాగుండాలి సార్" అన్నాడు.

అప్పుడే లేచి వచ్చేయాల్సింది. మీ జాతకమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. కానీ డ్రమ్ము ఇంకా కడుపులోనే ఉండటంతో కార్డు చేతికిచ్చేశాను.

తమరొచ్చిన రోజు మా ఇంటి పటమే మారిపోయింది. ఒక్కొక్కరు ముప్పై రెండు కిలోలు. అమ్మ కుట్టు మిషన్ బాల్కనీకి, టీవీ పడకగదికి, పేపర్లు పడేసే బల్ల పక్కింటికి తరలిపోయాయి. టేపు పెట్టి కొలిచి, మీ ఇద్దరికీ నా తలకీ మధ్య సమబాహు త్రిభుజం గీశాను. పదో తరగతి తర్వాత జామెట్రీ నాకు పనికొచ్చింది అదే మొదటిసారి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, "పెళ్ళిపీటల మీద కూడా మనల్ని ఇంత కొలిచి కూర్చోబెట్టలేదండీ" అంది. పైగా ఆ త్రిభుజం కొసన ఒక్కరికే చోటు. పక్కన కూర్చున్నవాళ్ళకు పాడే మనిషి జరిగి జరిగి, దగ్గరున్న పెట్టెలో దూరిపోతాడు. ఎడమ పక్కన కూర్చునే మా ఆవిడకు పదహారు నెలలుగా స్పీకరమ్మ గారు ఒక్కరే పాడుతున్నారు.

ఆ రాత్రే 1950ల నాటి ఘంటసాల పాట ఒకటి పెట్టాను. ఆ కాలపు పాటలు మోనో. అంటే మీ ఇద్దరికీ అందేది ఒకే శబ్దం, మీలో ఒకరు పుట్టింటికి వెళ్ళినా పాటకు వచ్చే లోటేం లేదు. సరే, మీ ఇద్దరి మధ్య గాలిలోంచి గొంతు వచ్చింది. దాంతోపాటు సుయ్యిమని ఒక జీర, వయొలిన్ల వాళ్ళందరూ ఒక్క మైకు దగ్గర తోసుకుంటున్న ఇరుకు, వెనకెక్కడో ఎవరో కాగితం తిప్పిన చప్పుడు. నాకు ఆ పాట ఎక్కింది విజయవాడ రేడియో కేంద్రం నుంచి, మీడియం వేవ్ మీద. ఆ ప్రసారంలో అయిదు వేల హెర్ట్జ్‌ల (అంటే సెకనుకు అన్ని కంపనాల) పైన ఉండే సన్న శబ్దాల్లో చెప్పుకోదగ్గదేమీ మిగలదు. మా ఇంటి రేడియోలో ఉన్న స్పీకరు నా అరచేతి అంత. అయినా అందులో ఏదో తగ్గిందని మా వీధిలో ఎవరికీ అనిపించలేదు. తమరేమో పరీక్ష పేపర్లు దిద్దే మాస్టారు. పాట వినిపించండి మహాప్రభో అంటే, ఎర్ర సిరా తీసి రికార్డింగ్‌కి మార్కులు వేస్తారు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నాకే సిగ్గు. ఘంటసాలను పక్కన పెట్టి, మీకు సరిపడే పాటలు వెతకడం మొదలెట్టాను. నార్వేలో ఎవరో ఒక చర్చిలో కూర్చుని వాయించిన పియానో ఒకటి దొరికింది. ఆయనెవరో గుర్తులేదు, అది ఏ బాణీయో అర్థం కాదు, కానీ ఆయన కూర్చున్న స్టూలు కిర్రుమన్న చోటు మాత్రం కంఠతా వచ్చు. మూడో నిమిషం పదకొండో సెకను. చుట్టాలొస్తే ఆ కిర్రు వినిపిస్తాను. మా బావమరిది రెండుసార్లు విని, "బావగారూ, స్టూలుకి కాస్త నూనె వేయించకపోయారా" అన్నాడు.

అన్యాయంగా మాట్లాడకూడదు. ఒక్కటి ఒప్పుకుంటాను. మృదంగం ఎడమ వైపు మూతకు కచేరీకి ముందు తడి రవ్వ ముద్ద అంటిస్తారు చూడండి. ఆ వైపు అరచేయి ఆనించి నొక్కుతూ తీసే ఆ 'గూం' ఉందే, కిందనుంచి పైకి జారేది, అది చెవితో కాక సోఫా చేతి మీది వేళ్ళతో వినడం నాకు మీ దగ్గరే మొదలు. యాభై నాలుగేళ్ళు వచ్చాయి, మృదంగం ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని రేడియో కచేరీల్లో విన్నానో, ఎడమ చెయ్యి ఇంత పని చేస్తుందని తెలియదు. ఆ రోజు మీకు హారతి ఇవ్వాలనిపించింది. మా ఆవిడ కర్పూరం ఇవ్వలేదు.

కానీ అదొక్కటీ బాగా చేస్తామని చెప్పుకుంటే సరిపోయేది కదా! మీ వంశం సంగతి నాకు తెలియనిది కాదు. 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెలాగ్ వివరించిన తీగచుట్ట, అయస్కాంతం, గరాటు ఏర్పాటే నూరేళ్ళు దాటినా మీ కడుపులో ఉంది. 1957లో ఇంగ్లండులో పీటర్ వాకర్ అమ్మిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరు చూడటానికి రూమ్ హీటరులా ఉంటుంది, మనిషి గొంతు పలికితే ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. డప్పు కొట్టమంటే మాత్రం చేతులెత్తేస్తుంది. బీబీసీ వాళ్ళ ఎల్‌ఎస్3/5ఎ అడుగెత్తు పెట్టె. 1970లలో బయట ప్రసారాలకు వెళ్ళే వ్యాన్లలో మాట సరిగ్గా వెళ్తోందో లేదో చూసుకోవడానికి పుట్టింది, దాని దగ్గర బాస్ (లావు శబ్దం) అడగడం ఆవుదూడను అరక కట్టమనడమే. పాల్ క్లిప్ష్ 1940లలో చేసిన హార్న్ స్పీకరుకి గదిలో రెండు ఖాళీ మూలలు కావాలి. మా ఇంట్లో ఈశాన్యం దేవుడిది, తక్కినవి అల్మారాలవి. యమహా ఎన్‌ఎస్-10ని 1978లో ఇళ్ళ కోసమని తెస్తే ఇళ్ళవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. స్టూడియోల వాళ్ళు పట్టుకెళ్ళి, చెవులు కోసేస్తోందని ట్వీటరు (సన్న శబ్దాలు పలికే చిన్న స్పీకరు) ముందు టిష్యూ కాగితం అంటించి మరీ వాడుకున్నారు. ఇంత గొప్పవాళ్ళకీ తలా ఒక వంక ఉంది, అది ఊరందరికీ తెలుసు. మీకే, బ్రోచరు ప్రకారం, ఏ వంకా లేదు.

బ్రోచరులో మీ వెనక ఉన్న గొట్టానికి ఒక పేజీ కేటాయించారు. లోపలి గాలిని పట్టుకుని బాస్‌ను పెంచే విద్య అట. బెల్ ల్యాబ్స్‌లో థురాస్ అనే ఆయన 1930లో పేటెంటుకు పెట్టుకుంటే 1932లో వచ్చింది. దానికి దగ్గర చుట్టం మా ఊళ్ళో పేటెంటు లేకుండానే తిరిగేది. పాడైన టేప్‌రికార్డరు నుంచి స్పీకరు ఊడదీసి, మంచినీళ్ళ కుండ మూతి మీద బోర్లించి, రెండు వైర్లు కలిపితే కుండ గుమ్మని మోగేది. కుండ పొట్టలో గాలి స్ప్రింగులా పనిచేస్తుందని, ఖాళీ సీసా మూతి మీద ఊదితే బూమనడం కూడా ఇదేనని మాకెవరూ చెప్పలేదు. పెద్ద కుండకు లావు గొంతు, చిన్న కుండకు సన్న గొంతు అని మాత్రం తెలుసు. పాట మంచి పట్టులో ఉండగా నాయనమ్మ "నా కుండేదిరా!" అంటూ వచ్చి, స్పీకరు తీసి అరుగు మీద పెట్టి, కుండ చంకనెత్తుకుని వెళ్ళిపోయేది. బాస్ అంతా ఆమె వెంట పోయేది.

ఇక మా హాలు. తప్పంతా దాని మీద తోసేశారు మీరు, మీ తరఫు కుర్రాడూ. నిజమే, శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది, మా హాలు వెడల్పు 12 అడుగులు, ఆ లెక్కన 47 హెర్ట్జ్‌ల దగ్గర అల రెండు గోడల మధ్య ఇరుక్కుని ఉబ్బుతుంది. ఏ పాటైనా సరే, ఆ మెట్టు మీద కాలు పెట్టేసరికి వంటింట్లో స్టీలు గిన్నెల స్టాండు శ్రుతి కలుపుతుంది. మీరు 28 హెర్ట్జ్‌ల దాకా దిగుతారట. ఆ అల పొడవు 12 మీటర్లు. మా హాలు అయిదు మీటర్లు కూడా లేదు. మీ బాసు మా ఇంట్లో మొదలై, మెట్లు దిగి, కింది ఫ్లాటులో పూర్తవుతుంది. ఆ ఫ్లాటు ఎవరిదో మీకు తెలుసు. సెక్రటరీ గారిదే.

దానికి విరుగుడుగా తివాచీ వచ్చింది, తివాచీకి జోడీగా దళసరి కర్టెన్లు, వాటి తర్వాత మీకు తగిన ఆంప్లిఫయరు, దానికి తగిన కేబుళ్ళు, కరెంటు శుభ్రంగా రావడానికి ఒక పెట్టె. కౌపీన సంరక్షణార్థం సన్యాసి పిల్లిని, ఆవును, చివరికి పెళ్ళాన్ని తెచ్చుకున్న కథ ఇక్కడ చెప్పనక్కర్లేదు. తేడా ఒక్కటే, ఆయనకు కౌపీనమైనా మిగిలింది.

ఆ మధ్య చెవుల డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకున్నాను. నాకు 12,000 హెర్ట్జ్‌ల పైన వినపడటం లేదు. ఈ వయసుకు మామూలేనట. మీ ట్వీటరు 40,000 దాకా వెళ్తుంది. అంటే మధ్యలో ఉన్న సంగీతానికి డబ్బు కట్టింది నేను, వింటున్నది బాల్కనీ ఎదుట మర్రిచెట్టు మీది గబ్బిలాలు. ఇంకో లెక్క కూడా చూశాను. మీలాంటి వాళ్ళకు వంద వాట్లు పోస్తే అందులో పాటగా బయటికొచ్చేది అర వాటు కూడా ఉండదు, తక్కినదంతా లోపలి తీగచుట్టలో వేడి. ఇంతకంటే మా ఇస్త్రీ పెట్టె నయం, అది సంగీతం అని చెప్పుకోదు.

అసలు సంగతికి వస్తాను. ఎండాకాలంలో ఒక రాత్రి, అందరూ పడుకున్నాక, వయొలిన్ తీగ సన్నబడి సన్నబడి ఆగిపోయిన చోట, కుడి స్పీకర్ గారి లోపల 'టక్' మంది. ఊపిరి బిగబట్టాను. మళ్ళీ 'టక్ టక్'. మర్నాడు ఎనిమిది వేలు పెట్టి కేబుల్ మార్చాను. చప్పుడు తగ్గింది. (తగ్గినట్టు అనిపించింది, ఎనిమిది వేలు మరి.) నాలుగో రోజు మళ్ళీ. ఈసారి టార్చి తీసుకుని మీ వెనక్కి పాకి, గొట్టంలోకి వెలుగు వేశాను. రెండు నల్లటి కళ్ళు. పక్కన చిన్న శనగగింజల్లాంటి తెల్ల గుడ్డు పెంకులు రెండు. బల్లి! అమ్మ లేచి వచ్చి, నేల మీద బోర్లా పడుకున్న నన్ను చూసి, "ఏరా, దేవుడి గదిలో చెయ్యని సాష్టాంగం దీనికి చేస్తున్నావా?" అంది. "దీని కోసం మూడు లక్షలు పెట్టానమ్మా" అన్నాను. లోపలినుంచి 'టక్ టక్'. "సత్యం" అని అమ్మ వెళ్ళి పడుకుంది. అప్పటినుంచి దాన్ని తరమలేదు. ఇంట్లో మీ బాస్ నిజంగా అనుభవిస్తున్న ప్రాణి అదొక్కటే.

నిన్న రాత్రి సెక్రటరీ గారికి నేను లెక్క చెప్పి చూశాను. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ మోత, ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు తగ్గుతుంది, పదహారు మీటర్ల అవతల కూర్చున్న పిల్లలకు 63 మిగులుతుంది, వంద వాట్లు పోసినా 83, ఇంకా పెంచితే ట్వీటరు కాలుతుంది, మైకుసెట్టు వాళ్ళ పెట్టెలు ఇంతే కరెంటుకు పది రెట్లు మోగుతాయి అని. ఆయన ఓపిగ్గానే విన్నారు. విని, "సార్, కింద మా ఇంట్లో మాకు బ్రహ్మాండంగా వినిపిస్తున్నాయి, పార్కింగ్‌లో వినిపించవా?" అన్నారు. అదే క్షణంలో కుడి స్పీకర్ గారి గొట్టంలోంచి 'టక్ టక్ టక్'. ఆయన మొహం వెలిగిపోయింది. "చూశారా సార్, బల్లి పలికింది!" అని లేచి, ఎక్స్‌టెన్షన్ బాక్సు తానే పంపిస్తానని చెప్పి వెళ్ళిపోయారు.

కాబట్టి దంపతులిద్దరూ ఎల్లుండి ఉదయం ఎనిమిదికి తయారుగా ఉండవలెను. లిఫ్టులో ఒకరి తర్వాత ఒకరు దిగుతారు. కింద మైకులో పూజ మంత్రాలు, పిల్లల డాన్సు పాటలు, భజన, మధ్యమధ్యలో "గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళు కారు తీయవలెను" అన్న ప్రకటన, తొమ్మిదో రోజు తీన్మార్ కూడా ఉంటాయి. అన్ని రకాలు అన్నారు కదా. రాత్రి పదికల్లా ఆపేయాలి, అది రూలు.

ఇట్లు,
మీ విధేయుడు,
త్రిభుజం మూడో మూల.

తా.క.: కుడి స్పీకర్ గారూ, తమ గొట్టంలో అద్దెకున్న వారిని రేపు సాయంత్రంలోగా ఖాళీ చేయించగలరు. అమ్మ ఒప్పుకోవడం లేదు. స్పీకర్లు పోతే పోయాయి గానీ, బల్లి మీద చెయ్యి వెయ్యొద్దంటోంది.