గాల్లో గంటంబావు సరే, గాజువాక నుంచి భోగాపురం సంగతేంటి?

విశాఖ నుంచి హైదరాబాద్‌కు విమానంలో ఎంతసేపు అంటే ఎవరైనా గంటంబావు అంటారు. టికెట్ మీదా దాదాపు అంతే ఉంటుంది. అది విమానం ఇక్కడ గేటు దగ్గర కదిలి అక్కడ ఆగేదాకా పట్టే టైమ్. మన ప్రయాణం మాత్రం ఇంటి గుమ్మం దగ్గరే మొదలవుతుంది. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు హడావుడిలో ఎవరికీ పట్టనిది ఇదే.

గాల్లో దూరాన్ని బట్టి ప్రయాణం తగ్గుతుందనేది సగమే నిజం. విశాఖ నుంచి శంషాబాద్‌కు సుమారు 510 కిలోమీటర్లు, విజయవాడ ఎయిర్‌పోర్టున్న గన్నవరానికి 290. దూరం సగానికి దగ్గరగా పడిపోయినా టైమ్ గంట దగ్గరే ఆగుతుంది. విమానం రన్‌వే దాకా వెళ్లడం, పైకెక్కడం, కిందికి దిగడం రెండింటికీ ఒకటే. తగ్గేదల్లా పూర్తి వేగంతో పోయే మధ్య ముక్క. పైగా చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు. ఈలోగా వందే భారత్ ఎక్కినవాడు నాలుగు గంటల పైచిలుకులో బెజవాడ నడిబొడ్డున దిగి టిఫిన్ చేస్తుంటాడు.

ఇప్పుడున్న ఎయిర్‌పోర్టు నగరంలోనే, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు పక్కనే. గాజువాక నుంచి ఆటోలో వెళ్లిపోవచ్చు. భోగాపురమో, నగరం నుంచే 45 కిలోమీటర్లు. అనకాపల్లి వాళ్లకు సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం రోడ్డుంది. గాజువాక, స్టీల్‌ప్లాంట్ వాళ్లు మాత్రం మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, కొమ్మాది దాటుకుంటూ పోవాలి. సాయంత్రం హనుమంతవాక సిగ్నల్ దగ్గర కాలేజీ బస్సుల వెనక ఇరుక్కుని, ఫోన్‌లో బోర్డింగ్ టైమ్ చూసుకునేవాడి టెన్షన్ ఏ విమాన దూరం లెక్కలోనూ ఉండదు.

ఇప్పుడున్న నేవీ రన్‌వే మీద, నేవీ వీలు చూసుకుని ఎన్నాళ్లు నెట్టుకొస్తాం అంటారు కొందరు. నిజమే, భోగాపురం కావాల్సిందే. వద్దన్నదెవరు?

అడుగుతున్నది దారి గురించి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008 మార్చిలో తెరుచుకుంది. అక్కడికి వెళ్లే దారిలో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఫ్లైఓవర్ 2009 అక్టోబరుకు గానీ రాలేదు. ఆ ఏడాదిన్నర ట్రాఫిక్ మోసినవాళ్లు జనం. మనమూ అదే వరుస. విశాఖ మెట్రో మొదటి దశ ప్రణాళిక కొమ్మాదితో ఆగుతుంది, భోగాపురం రెండో దశ మాట.

అసలు జబ్బు ఇంకా పాతది. మన ప్రభుత్వాలకు శంకుస్థాపన చేయడానికి వీలైనవే కనిపిస్తాయి. ఈ ఎయిర్‌పోర్టుకే 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. సిటీ బస్సుకు రిబ్బన్ కట్ చేస్తే పేపర్లో ఫొటో పడదు కదా! హైదరాబాద్‌లో ఎయిర్‌పోర్టుకు వెళ్లే ఆర్టీసీ పుష్పక్ బస్సులున్నాయి. అలాంటివే గాజువాక నుంచీ, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచీ, లగేజీకి చోటుతో, తెల్లవారుజామున ఫ్లైట్‌కు కూడా అందేలా వేయాలి. దీనికి భూసేకరణ అక్కర్లేదు, ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు. విశాఖ ఎమ్మెల్యేల్లో ఒక్కరైనా అసెంబ్లీలో లేచి ఆ బస్సుల షెడ్యూల్ ఎప్పుడిస్తారని అడగాలి.