సవరణ: ప్రైవేటు బడులకు ఆ కమిటీ నిబంధన లేదు

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు కూడా పాఠశాల యాజమాన్య కమిటీ వేయాలని, అందులో సగం మంది తల్లిదండ్రులు ఉండాలని మొన్న రాశాను. రెండూ తప్పే. ఒక హెడ్‌మాస్టరుగారు చెబితే 21వ సెక్షన్ తీసి చదివాను. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడులకు ఇది వర్తించదు. సభ్యుల్లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి. సగం అన్నది మహిళల వాటా, దాన్ని దీనితో కలిపేశాను. ఎయిడెడ్ బడుల్లో కమిటీ ఉన్నా, 2012 సవరణ తర్వాత దాని పని సలహా ఇవ్వడం వరకే. సర్కారు బడిలో మాత్రం గ్రాంటు ఎలా ఖర్చయిందో చూసేది కమిటీనే. ఈ సెక్షన్ పట్టుకుని ప్రైవేటు స్కూల్లో ఫీజులు నిలదీద్దామనుకున్నవాళ్లు కాస్త ఆగండి.