మెదడులేని చేప, మొదటి శ్రేణి బావగారు

మా శ్రీకాకుళంలో విశ్రాంత ఉద్యోగి గౌరవాన్ని ఇప్పుడు పింఛనుతో కొలవడం లేదు. అల్మరాలోని జ్ఞాపకశక్తి పెంచుతాయనే మాత్రల సీసాలతో కొలుస్తున్నారు. హర్షించదగిన పరిణామం. అల్లుడు అమెరికాలో ఉంటే మొదటి శ్రేణి, కొడుకు హైదరాబాదులో ఉంటే రెండో శ్రేణి. రెండోవారి సీసాల మీద మన దేశపు నిబంధన ప్రకారం ‘వైద్య వినియోగానికి కాదు’ అని రాసి ఉంటుంది. అంత నిజాయతీ గల సరుకు ఎవరి పరువు నిలబెడుతుంది? ఇక పెరట్లో సరస్వతి ఆకు కోసుకుని నమిలేవారికి ఏ శ్రేణీ లేదు.

మా బావగారు మొదటి శ్రేణి. ఏ సీసాతో మొదలుపెట్టాలో తేల్చమని నన్ను పిలిపించారు.

మొదటిది గింకో అనే చెట్టు ఆకుల సారం. అమెరికాలో 75 ఏళ్లు దాటిన మూడు వేల పైచిలుకు మందిలో సగం మందికి ఇది, సగం మందికి ఉత్తుత్తి మాత్ర సుమారు ఆరేళ్లు ఇచ్చి చూశారు. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఇరువర్గాల మీదా పక్షపాతం చూపలేదని 2008లో తేలింది. రెండోది చేపనూనె. కళింగపట్నం కవళ్లు వండితే నీచు వాసనని వీధి గుమ్మం దాకా పరుగెత్తే మనిషి, ఆ నీచే గుళికలో విమానమెక్కి వస్తే కళ్లకద్దుకుంటున్నారు.

మూడోది మణిపూస. జెల్లీ చేపలో మొదట కనుగొన్న ప్రొటీన్. ఆ జీవికి మెదడే లేదు. యాభై కోట్ల ఏళ్లకు పైగా అది లేకుండానే నెట్టుకొస్తోంది, మతిమరుపన్న బాధే ఎరుగదు. ఇంతకన్నా అర్హత ఏం కావాలి? అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, న్యూయార్క్ రాష్ట్రం కలిసి 2017లో దీని తయారీదారు మీద కోర్టుకెక్కాయనీ, జ్ఞాపకశక్తి పెంచుతుందని ప్రచారం చేసుకోవద్దని 2024లో కోర్టు ఆదేశించిందనీ చెప్పాను.

“కోర్టుదాకా వెళ్లిందంటే ఆషామాషీ సరుకు కాదన్నమాట” అన్నారు బావగారు.

ఆయన షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ మింగుతున్నారు. దానివల్ల కొందరిలో బి12 విటమిన్ తగ్గుతుంది. బి12 తగ్గితే మతిమరుపు రావచ్చు, వేళకు కనిపెడితే చాలామటుకు సరిచేయనూ వచ్చు. అందుకని సీసాలన్నీ పక్కన పెట్టి, ముందు ఆ రక్తపరీక్ష చేయించుకోమన్నాను.

బావగారు నన్ను జాలిగా చూశారు.

“చేయించుకుంటానయ్యా. ఆ కాగితం అల్మరాలో పెడితే చూసేదెవరు?”