బెత్తం ఉండగా పరిశోధన దేనికి?

మా అక్క కూతురు కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ అని చెప్పుకున్నంత కాలం లీలామహల్ సర్కిల్ టీ కొట్టు దగ్గర నాకు మర్యాద బాగానే జరిగింది. దేంట్లో పీహెచ్‌డీ అని ఒకాయన గుచ్చి గుచ్చి అడిగిన రోజు నుంచే నా కష్టాలు మొదలు. ఏఐనా, సైబర్ సెక్యూరిటీనా అని ఆయన ఆశగా చూస్తుంటే, "పిల్లోళ్లకి ప్రోగ్రామింగ్ ఎందుకు తలకెక్కడం లేదో కనుక్కుంటుందండీ" అని చెప్పాల్సొచ్చింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టకుండానే తేల్చేశాడు. "చదవరు కాబట్టి ఎక్కడం లేదు. దీనికి ఐదేళ్లా?"

న్యాయమైన ప్రశ్నే. 1954 నుంచి యూనివర్సిటీ ఉన్న ఊరు మాది, 2015లో ఐఐటీ, ఐసర్ రెండూ వచ్చాయి. అలాంటి తిరుపతిలో కూర్చుని పిల్లలకు రావడం లేదనడమే తప్పు, పైగా తప్పు పిల్లలది కాకపోవచ్చు, మనం చెప్పే పద్ధతిది కావచ్చు అంటుంది ఈ పిల్ల. హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మేనమామ ముందు అనాల్సిన మాటేనా ఇది!

ఈ జబ్బు మన దగ్గర పుట్టింది కాదు లెండి. 1967లోనే అమెరికాలో సేమర్ పేపర్ట్ అనే ఆయన, ఇంకో ఇద్దరు ముగ్గురితో కలిసి చిన్నపిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాడు. తర్వాత దానికో తాబేలును తగిలించారు, పిల్లలు ఆజ్ఞలిస్తుంటే అది గీతలు గీస్తూ పోతుంది. తాబేలుతో మొదలుపెట్టిన చదువుకి స్పీడు ఎక్కడినుంచి వస్తుందో మీరే చెప్పండి. 2001లో మెక్‌క్రాకెన్ అనే ఆయన బృందం నాలుగు విశ్వవిద్యాలయాల్లో, అప్పటికే ప్రోగ్రామింగ్ పాఠాలు చదివిన 216 మందికి కాలిక్యులేటర్ లాంటి చిన్న ప్రోగ్రాం రాయమని ఇస్తే 110 మార్కులకు సగటున 22.89 వచ్చిందట. దాన్ని దాచిపెట్టకుండా అచ్చేసుకున్నారు కూడా! మన దగ్గర ఇంత ఘోరం జరగదు, ఇంటర్నల్ మార్కులు మన చేతిలోనే ఉంటాయి కదా.

నాకు నచ్చిన పరిశోధన ఒక్కటే ఉండింది. 2006లో ఇంగ్లండులో ఇద్దరు, పాఠం మొదలుపెట్టకముందే చిన్న పరీక్ష పెట్టి ఎవరికి ప్రోగ్రామింగ్ వస్తుందో, ఎవరికి రాదో చెప్పేయొచ్చన్నారు. అంటే బుర్ర ఉన్నోళ్లు, లేనోళ్లు అని రెండు జాతులు. నేను ముప్పై నాలుగేళ్లుగా స్టాఫ్‌రూంలో చెబుతున్నది అదే. కానీ ఏం లాభం, ఎక్కువమంది మీద చేసి చూస్తే అంత గట్టిగా నిలబడలేదని, 2014లో అందులో ఒకాయన తన మాట వెనక్కి తీసుకున్నాడు. తప్పని తేలితే ఒప్పేసుకునే రంగంలో పిల్లలకు భవిష్యత్తు ఏముంటుంది!

ఆ పరీక్షలోని మొదటి ప్రశ్నే ఒకరోజు రాత్రి మా పిల్ల నాకు రాగిసంగటి ముందు కూర్చోబెట్టి వేసింది. ఏ విలువ 10, బీ విలువ 20, తర్వాత లైనులో ఏ ఈక్వల్‌టు బీ అని ఉంది, ఇప్పుడు ఏ ఎంత, బీ ఎంత? పది ఇరవై ఎట్లా అవుతుందమ్మా, ప్రశ్నే తప్పు అన్నాను. "కంప్యూటర్ మాత్రం తప్పనదు మామా, ఏం చేస్తుందో చెప్పు" అంది. సరే, కుండమార్పిడి పెళ్లిళ్లలాగా ఇటుది అటు, అటుది ఇటు పోతుంది, ఏ 20, బీ 10 అని ఠక్కున చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నా, నవ్వలేదు. పక్కనున్న నోట్‌బుక్కు తీసి రాసుకుంటూ, "మంచి సమాధానం మామా, చాలామంది ఇట్లాగే అనుకుంటారు" అంది. బీలో ఉన్నదానికి నకలు తీసి ఏలో పెడుతుందట, బీ అలాగే ఉంటుంది కాబట్టి రెండూ 20 అవుతాయట. తప్పు చెప్పినవాణ్ణి తిట్టకుండా నోట్‌బుక్కులో రాసుకోవడం ఏ రకం బోధనో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక ఆమె ఉద్యోగం సంగతి. కంప్యూటర్ డిపార్ట్‌మెంటుకు పోతే ఇది ఎడ్యుకేషన్ కదమ్మా అంటారు, ఎడ్యుకేషన్ వాళ్లేమో కంప్యూటర్ కదా అంటారు, రెంటికీ చెడ్డ రేవడి. ఒక ఇంటర్వ్యూలో మీరు కొత్తగా ఏం తయారుచేశారని అడిగితే, ఏడాదిపాటు క్లాసులో వెనక బెంచీలో కూర్చుని చూశానని చెప్పిందట. వెనక బెంచీలో కూర్చున్నవాళ్లకు ఉద్యోగం ఇవ్వడం మొదలుపెడితే దేశం ఏమైపోతుంది? చివరికి ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు చేర్చుకున్నారు. చేరిన వారానికే, పిల్లలు ఎంత నేర్చుకున్నారో కొలవడం మీకు తెలుసు కదా మేడం అని ఎన్‌బీఏ, అంటే ఇంజనీరింగ్ లాంటి కోర్సులకు గుర్తింపునిచ్చే బోర్డు, దానికి పంపాల్సిన ఫైలు మొత్తం ఆమె నెత్తిన పెట్టారు. ఎక్సెల్ షీటులో అటైన్‌మెంట్, అంటే పిల్లలు ఎంత నేర్చుకున్నారనే అంకె, 2.1 వచ్చింది, దాన్ని 2.6 చేయాలి, సాయంత్రంలోగా. ఎండాకాలం వస్తే ఇంటర్ పిల్లల ఇళ్లకు తిరిగి అడ్మిషన్లు పట్టుకురావాలి. పరిశోధన ఆదివారాలు.

అక్కడ ల్యాబ్ రికార్డులు దిద్దుతుంటే నేనూ ఒకసారి చూశాను. ఎంత బాగున్నాయో! గీతల పేజీలో నీలం ఇంకుతో ప్రోగ్రాం, ఎదురుగా తెల్ల పేజీలో పెన్సిల్‌తో అవుట్‌పుట్, స్కేలు పెట్టి గీసిన ఫ్లోచార్టు. 60 మంది రికార్డుల్లోనూ ఏడో ప్రోగ్రాంలో ఒకే చోట ఒక సెమీకోలన్ లేదు. సీనియర్ల రికార్డులోనూ లేదట, వాళ్ల సీనియర్లదీ చూడాలి. ఆ ప్రోగ్రాం కంప్యూటర్‌లో నడవదు, అవుట్‌పుట్ మాత్రం అందరికీ సరిగ్గా వచ్చింది. గురుశిష్య పరంపర అంటే ఇదీ అని నేను పొంగిపోతుంటే ఆ పిల్ల తల పట్టుకుని కూర్చుంది.

క్యూ పాఠం గొడవ ఇంకోటి, కంప్యూటర్‌లో డేటాను వరసలో పెట్టే పద్ధతిని క్యూ అంటారట. పుస్తకంలో సినిమా టికెట్ల లైను ఉదాహరణగా ఉంటే, ఈమె వైకుంఠం క్యూ కాంప్లెక్స్ చెప్పిందట, ముందు పోయినవాడు ముందు బయటికి వస్తాడని. వెంటనే ఒక పిల్లోడు లేచి, "సిఫార్సు లెటర్ ఉంటే మేడం?" అన్నాడు. దాన్ని ప్రయారిటీ క్యూ అంటారు అంది. ఆ ఏడాది క్లాసు మొత్తానికి అర్థమైన పాఠం అదొక్కటేనట, మరుసటి రోజే హెచ్‌ఓడీ పిలిచి సిలబస్ దాటొద్దని చెప్పాడు. ఇప్పుడు ఏఐ వచ్చి పిల్లల హోంవర్కు చేసిపెడుతుంటే ఆయన ఆనందానికి అవధుల్లేవు, నీ పరిశోధన పేరులో ఏఐ అనే రెండక్షరాలు కలుపు, మిగతాది ఏదైనా ఫరవాలేదు అంటున్నాడట. ఈమేమో, రాయడం కన్నా ముందు వేరేవాళ్లు రాసింది లైను లైనుగా చదివి అర్థం చేసుకోవడం రావాలి, అదే రావడం లేదు సార్ అని పాత పాటే.

మొన్న టీ కొట్టు దగ్గర, ఐదేళ్లా అని ఎగతాళి చేసిన ఆ పెద్దమనిషే మళ్లీ కనిపించాడు. పేపరు అంచు మీద ఏ 10, బీ 20, ఏ ఈక్వల్‌టు బీ అని రాసి ముందుకు తోశాను. కాసేపు చూసి, "బీలో ఉన్నది ఏలోకి పోయింది కదా మాస్టారూ, ఇంక బీలో ఏముంటుంది? ఏ 20, బీ ఖాళీ" అన్నాడు. నాకు తిట్టబుద్ధి కాలేదు. ఇది కుండమార్పిడి కాదు, గ్లాసులో నీళ్లు ఇంకో గ్లాసులోకి ఒంపడం, వేరే రకం. మరచిపోకముందే పేపరు ముక్క చింపి జేబులో పెట్టుకున్నాను, ఆయన టీ డబ్బులు కూడా నేనే ఇచ్చాను.