పోలే పోలే

(తెల్లవారుజామున ఐదు గంటలు. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా టకటకమని బూట్ల చప్పుడు. ఆవిడ కళ్లు నులుముకుంటూ వచ్చి లైటు వేసింది. ఆయన పైజమా మీద ఉన్నాడు. కాళ్లకి కొత్త ట్రెక్కింగ్ బూట్లు, నుదుటి మీద హెడ్ ల్యాంపు.)

ఆవిడ: దొంగలు పడ్డారనుకున్నాను. వాళ్లే నయం, చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తారు.

ఆయన: కొత్త బూట్లతో నేరుగా కొండెక్కితే మడమలు బొబ్బలెక్కుతాయి. ముందు నుంచే కాలికి అలవాటు చెయ్యాలి. కిలిమంజారో అంటే మాటలా? 5,895 మీటర్లు! ఆఫ్రికా మొత్తంలో దాన్ని మించిన ఎత్తు లేదు.

ఆవిడ: స్టూలెక్కి బల్బు మార్చమంటేనే మీకు కళ్లు తిరుగుతాయి.

ఆయన: ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి. కొండకి ఆ బాధ లేదు. మామూలు దారుల్లో తాళ్లు కట్టుకుని పాకే పనే లేదు, నడుచుకుంటూ వెళ్లడమే.

ఆవిడ: నడకే అయితే అందరూ పైదాకా చేరాలిగా? సగంలో దిగొచ్చేవాళ్లు ఎందుకు దిగొస్తున్నట్టు?

ఆయన: తొందరపడి! పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. శిఖరం మీద ఊపిరి పీలిస్తే సముద్రమట్టంలో అందే ఆక్సిజన్‌లో దాదాపు సగమే అందుతుంది. ఒంటికి అలవాటు పడే టైమివ్వకుండా దూసుకెళ్లామా, తలనొప్పి, వాంతులు. ముదిరితే ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరి ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు ముందు చెయ్యాల్సింది ఒక్కటే, కిందికి దిగడం. కండలు తిరిగినవాడికి రావచ్చు, నాలాంటివాడికి రాకపోవచ్చు. అందుకే అక్కడి గైడ్లు దారి పొడవునా 'పోలే పోలే' అంటుంటారు. స్వాహిలీలో మెల్లగా, మెల్లగా అని.

ఆవిడ: అది మీకు వేరే చెప్పాలా? గీజరు బాగు చేయించమని చెప్పి ఏడాదైంది.

ఆయన: చూశావా! ఇన్నేళ్లూ నువ్వు బద్ధకం అన్నది అక్కడ క్వాలిఫికేషన్.

(దీనికి ఆవిడ దగ్గర వెంటనే జవాబు దొరకలేదు. పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో ఇలా జరగడం ఇది రెండోసారని ఆయన లెక్క.)

ఆవిడ: అది సరే, రాత్రంతా నా వీపు కింద ఏదో గుచ్చుకుంది. తీసి చూస్తే నాలుగు బ్యాటరీలు!

ఆయన: చలికి బ్యాటరీలు నీరసపడిపోతాయి. పైన స్లీపింగ్ బ్యాగులో పక్కనే పెట్టుకుని పడుకోవాలి. ప్రాక్టీసు చేస్తున్నా.

ఆవిడ: మరి నా వైపు పెట్టారేం?

ఆయన: నాకు గుచ్చుకుంటున్నాయి.

ఆవిడ: ఫ్రీజర్లో తలకిందులుగా పెట్టిన నీళ్ల సీసా సంగతేంటి?

ఆయన: శిఖరానికి బయల్దేరేది అర్ధరాత్రి వేళ. ఆ చలికి సీసాలో నీళ్లు పైనుంచి గడ్డకడతాయి. తిరగేసి పెడితే గడ్డ అడుగువైపు కట్టి, మూత దగ్గర తాగడానికి నీళ్లు మిగులుతాయి.

ఆవిడ: మూత బిగించాలని మాత్రం ఎవరూ చెప్పలేదా? కిలిమంజారో మీద మంచు కరిగిపోతోందని పేపర్లో చదివాను. ఎక్కడికీ పోలేదు, మన ఫ్రీజర్లోనే ఉంది. తలుపు పడటం లేదు.

ఆయన: మూత రబ్బరు సరిగ్గా లేదు.

ఆవిడ: స్టూలు కాలు, మూత రబ్బరు... మీరు తప్ప అన్నీ వంకరే. నాకు కొండ వద్దు, సెరెంగెటీకి తీసుకెళ్లండి. మనం జీపులో కూర్చుంటే చాలు, నడిచే పని జంతువులే చూసుకుంటాయి. పది లక్షలకు పైగా వైల్డెబీస్ట్‌లు పచ్చిక కోసం ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటాయట. మారా నది దాటేటప్పుడు మొసళ్లు కాచుకుని ఉంటాయట!

ఆయన: సింహాలో?

ఆవిడ: రోజుకి ఇరవై గంటల దాకా పడుకునే ఉంటాయట. అది చూడ్డానికి అంత దూరం వెళ్లాలా అని ఒక్క క్షణం అనిపించింది.

ఆయన: అదే పని చేసినదాన్ని మృగరాజు అంటారు, నన్ను మాత్రం...

ఆవిడ: వేటలో ఎక్కువ పాలు ఆడసింహాలదే. తిండి దగ్గర ముందు కూర్చునేది మాత్రం రాజుగారు.

ఆయన: (గబుక్కున మాట మార్చి) సఫారీకి నీ ముదురు నీలం డ్రెస్సులు తేకు. అక్కడ రక్తం పీల్చే సెట్సీ ఈగలుంటాయి. వాటికి నీలం, నలుపు కనిపిస్తే చాలు, వాలిపోతాయి. వాటిని పట్టే ఉచ్చులు కూడా నీలం గుడ్డతోనే చేస్తారు.

ఆవిడ: నా మంచి బట్టలన్నీ నీలమే. ఇరవై ఏడేళ్లలో ఒక్కసారైనా బాగుందన్నారా? ఈగలకున్న టేస్టు మీకు లేదు.

ఆయన: సరే, రెండూ చూద్దాం. రెండూ టాంజానియాలోనే ఉన్నాయి. ముందు కొండ, తర్వాత జీపు. సామాను గురించి టెన్షన్ వద్దు, పోర్టర్లుంటారు. మనిషికి 20 కిలోలకు మించి మోయించకూడదని రూలు. తూకం వేసి మరీ పంపిస్తారు.

ఆవిడ: ఇరవై కిలోలేనా? ఆ రూలు పెట్టినవాళ్లని ఒక నెల మనింట్లో ఉంచాలి.

(బయట ఉరిమింది. కిటికీ మీద టపటపమని చినుకులు.)

ఆవిడ: అయ్యో, డాబా మీద రాత్రి ఆరేసిన బట్టలు! పరిగెత్తండి!

ఆయన: పరిగెత్తకూడదు. పోలే...

(రెండో పోలే ఆయన నోట్లో ఉండగానే ఆవిడ మూడంతస్తులూ ఎక్కేసింది. ఆయన మెట్టుకో ఊపిరి చొప్పున బయల్దేరాడు. ఆవిడ తడి బట్టల మూటతో దిగొచ్చేసరికి మొదటి అంతస్తు మలుపులో కూర్చుని, ఎడమ బూటు విప్పి మడమ చూసుకుంటున్నాడు. బఠాణీ గింజంత బొబ్బ, ఎర్రగా, నిగనిగలాడుతూ.)

ఆవిడ: ఎందాకా వచ్చారు?

ఆయన: ఇవాళ్టికి ఇక్కడే క్యాంపు.

ఆవిడ: మీ కాటన్ చొక్కాలు చూడండి, పిండితే బకెట్ నిండేలా ఉంది.

ఆయన: నేను చెప్పలేదూ? కొండ మీద కాటన్ పనికిరాదు. తడిస్తే ఓ పట్టాన ఆరదు, ఒంట్లో వేడంతా లాగేస్తుంది.

ఆవిడ: (మూట ఆయన ఒళ్లో పడేసి) పన్నెండు కిలోలుంటుంది. రూలు దాటలేదు. లేవండి.

ఆయన: ఎక్కడికి?

ఆవిడ: కిందికి. ముదిరాక చెయ్యాల్సింది అదొక్కటేనని మీరేగా చెప్పారు.