అడ్రియానోకి 99 ఇచ్చింది కొనామి, ర్యాంకు ఇచ్చేది కీబోర్డు

పాత ఫుట్‌బాల్ గేముల్లో అందరికన్నా మొనగాడు ఎవడు అని ఇంటర్నెట్‌లో వెతికితే జాబితాలు కోకొల్లలు. ఏది తెరిచినా అడ్రియానో, రొనాల్డీన్యో, ఆన్రీ, రాబర్టో కార్లోస్ అటూ ఇటూ మారుతుంటారు. పేర్ల విషయంలో పెద్దగా పేచీ లేదు. పేచీ అంతా కొలత దగ్గరే. ఆ జాబితాలు రాసినవాళ్లు ప్లేస్టేషన్ ప్యాడ్ పట్టుకుని ఆడినవాళ్లు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ పక్క సందుల్లోని నెట్ సెంటర్లలో, ఎచ్చెర్ల, రాజాం హాస్టల్ గదుల్లో, విజయనగరం కోట చుట్టుపక్కల ఇవే గేములు ఆడిన కుర్రాళ్లలో ఎక్కువమందికి దొరికింది కీబోర్డు. అదీ చాలాసార్లు ఇద్దరికి ఒకటి. చేతిలో ఉన్న వస్తువు మారితే మొనగాడూ మారతాడు. ఈ సంగతి పట్టించుకోని ర్యాంకులు మనకు పెద్దగా పనికిరావు.

ముందు అంకెల సంగతి చూద్దాం. ఆమదాలవలసలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు ఎత్తారు. మొత్తం 240, కాంస్యం. రెండంకెలు కూడితే తగవు తీరిపోయింది. 2006లో కొనామి కంపెనీ తెచ్చిన ప్రో ఎవల్యూషన్ సాకర్ 6, అంటే మనవాళ్లు పెస్ 6 అనే గేములో ఒక్కో ఆటగాడికి అటాక్ మొదలుకుని టీమ్‌వర్క్ దాకా 26 అంకెలుంటాయి. అవి కాక కండిషన్, కన్సిస్టెన్సీ, రెండో కాలి వాడకం 1 నుంచి 8 వరకు విడిగా ఉంటాయి. ఇవన్నీ కూడి సగటు తీసేవాళ్లు తప్పు చేస్తున్నారు. మైదానంలో ఏ క్షణంలోనైనా పనిచేసేవి రెండో మూడో అంకెలే. గోల్ మీదికి కొట్టేటప్పుడు షాట్ యాక్యురసీ, షాట్ పవర్, షాట్ టెక్నిక్ చాలు. అప్పుడు ఆ ఆటగాడి హెడింగ్ 90 ఉంటేనేం, 60 ఉంటేనేం?

ఇక్కడే చాలామంది ఇంకో చోట బోర్లాపడతారు. టాప్ స్పీడ్ అంటే బంతి లేకుండా పరిగెత్తే వేగం. బంతి కాలి దగ్గర ఉంటే పనిచేసేది డ్రిబుల్ స్పీడ్. టాప్ స్పీడ్ ఎర్రంకె చూసి వింగ్‌లో పెట్టిన ఆటగాడు, బంతి అందగానే నత్తలా నడవడానికి కారణం ఇదే. 95, ఆపై అంకెలు ఆ గేములో ఎరుపులో కనబడతాయి కాబట్టి కన్ను వాటి మీదికే పోతుంది. ఏ ఎరుపు ఏ పనికో చూసేవాళ్లు తక్కువ.

ఇప్పుడు కీబోర్డు దగ్గరికి వద్దాం. యారో కీలు నాలుగే. రెండేసి కలిపి నొక్కితే ఎనిమిది దిక్కులు. అంతకుమించి లేవు. ఇది సగం కథ. మిగతా సగం కీబోర్డు లోపల ఉంది. చవక కీబోర్డులో ప్రతి కీకి విడిగా తీగ ఉండదు. కీలన్నీ అడ్డ వరసలు, నిలువు వరసలుగా అల్లి ఉంటాయి. ఒకేసారి మూడు కీలు నొక్కినప్పుడు అవి ఆ అల్లికలో ఒక దీర్ఘచతురస్రానికి మూడు మూలలైతే, నొక్కని నాలుగో మూల కూడా నొక్కినట్టే దానికి కనబడుతుంది. ఆ గందరగోళం ఎందుకని మూడో కీని అసలు లెక్కలోకే తీసుకోకుండా వదిలేసేలా తయారుచేస్తారు. ఆటలో ఇది ఎలా తగులుతుందంటే, ఏటవాలుగా పరిగెడుతూ షాట్ కొట్టాలంటే రెండు యారోలు, స్ప్రింట్, షాట్ కలిపి నాలుగు కీలు. నాలుగోది పడదు. మనవాడు బంతితో సహా గోల్‌కీపర్ ఒళ్లోకి పరిగెడతాడు. "షాట్ నొక్కాను, పడలేదు" అన్న మాట చాలాసార్లు నిజమే, సాకు కాదు.

దీన్ని తెలుసుకోవడం తేలిక. నోట్‌ప్యాడ్ తెరిచి పై యారో, ఎడమ యారో నొక్కి పట్టుకుని, ఆటలో వాడే అక్షరాలు ఒక్కొక్కటే కొట్టండి. తెర మీద పడని అక్షరం ఆటలోనూ పడదు. ఫిఫా 07 అనే ఇంకో ఫుట్‌బాల్ గేములో పాస్‌కి S, షాట్‌కి D, స్ప్రింట్‌కి E కీలుగా ఉండేవి. వీటిలో ఏది మొరాయిస్తే దాన్ని మార్చుకోవాలి. స్ప్రింట్‌ని షిఫ్ట్ మీదికో కంట్రోల్ మీదికో మార్చడం మంచి ఉపాయం. ఆ కీలకు మామూలుగా తీగ విడిగా ఉంటుంది, మిగతావాటితో తగువు రాదు. ఒక్క జాగ్రత్త కావాలి. షిఫ్ట్‌ని వరసగా ఐదుసార్లు కొడితే విండోస్ స్టిక్కీ కీస్ పెట్టె తెర మీదికి తెస్తుంది, గేము కిందికి పోతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో ఆ సదుపాయాన్ని ముందే ఆపేయాలి. ఆపకపోతే 89వ నిమిషంలో కార్నర్ తీస్తున్నప్పుడే అది ప్రత్యక్షమవుతుంది.

కాబట్టి కొలత ఇలా పెట్టుకుందాం. ఒక ఆటగాడి గొప్ప గుణం బయటికి రావడానికి ఎన్ని కీలు ఒకేసారి నొక్కాలి? ఎంత తక్కువైతే మన దగ్గర అతను అంత గొప్పవాడు. ఎదుటివాడికి అతన్ని ఆపే దారి ఎంత ఇరుకు అన్నది రెండో కొలత.

ఈ కొలతల్లో మొదటి స్థానం పెస్ 6లోని ఇంటర్ మిలాన్, బ్రెజిల్ ఫార్వర్డ్ అడ్రియానోదే. ఇక్కడ లోకమంతటితో ఏకాభిప్రాయమే, కారణం మాత్రం వేరు. అతని షాట్ పవర్ 99. ఆ 99 వాడుకోవడానికి కావలసినవి ఒక యారో, ఒక షాట్ కీ. అంతే. గోల్‌కి 30 మీటర్ల దూరంలో వీపు తిప్పి బంతి అందుకుని, స్ప్రింట్ కీ వదిలేసి, ఎడమ కాలి వైపు ఒక్క అడుగు జరిగి, పవర్ బార్ సగం లోపు ఉండగా వదలాలి. సగం దాటితే బంతి గోల్ పోస్ట్ అడ్డకర్ర పైనుంచి పోతుంది. స్ప్రింట్ వదలకుండా కొడితే ఒళ్లు నిలకడగా ఉండక షాట్ పక్కకి తొలుగుతుంది. కొత్తవాళ్లు అడ్రియానోతో గోల్ పడటం లేదని వాపోయేది ఈ రెండు కారణాల వల్లే. శ్రీకాకుళంలో స్టేడియానికి పేరు పెట్టుకున్న కోడి రామ్మూర్తి గురించి ఏనుగును గుండె మీదికి ఎక్కించుకున్నాడని చెప్పుకుంటాం కదా, అలాంటి బలమే ఇది. చూపరికి లెక్కలు అక్కర్లేదు, గుండె మీద ఏనుగు కనబడితే చాలు.

అతన్ని ఆపడం కుదరదా అంటే కుదురుతుంది. అడ్రియానో కుడి కాలు మామూలుది. డిఫెండర్‌ని అతని ఎడమ కాలి వైపు నిలబెట్టి కుడికి తోలాలి. ప్రెస్ కీ నొక్కి మీదికి ఉరికితే అతని బ్యాలెన్స్ ముందు మనవాడే కిందపడతాడు. అందుకని మన ఆటగాణ్ణి దూరంగా ఉంచి, రెండోవాణ్ణి మీదికి పంపే కీ వాడాలి. చెప్పడం తేలిక. కీబోర్డు మీద దీనికి యారోలు రెండు, స్ప్రింట్ ఒకటి, రెండోవాణ్ణి పిలిచే కీ ఒకటి కావాలి. మళ్లీ నాలుగు. దాడికి రెండు కీలు, ఆపడానికి నాలుగు. ప్యాడ్ మీద ఆడేవాళ్లకి ఈ తేడా లేదు కనుక వాళ్ల జాబితాల్లో అడ్రియానో ఒక్కోసారి రెండో మూడో స్థానానికి జారతాడు. మన లెక్కలో జారడు. ఇంటర్, బ్రెజిల్ బంద్ అని ముందే ఒప్పందం చేసుకుని ఆట మొదలుపెట్టేది ఊరికే కాదు.

అసలు అడ్రియానో కథ చూస్తే ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. 2004 కోపా అమెరికాలో 7 గోల్స్‌తో టాప్ స్కోరర్. ఫైనల్‌లో అర్జెంటీనా మీద ఆట ముగిసే ఘడియలో సమం చేసిన గోల్ అతనిదే. మరుసటి ఏడు కాన్ఫెడరేషన్స్ కప్‌లో 5 గోల్స్. ఆ తర్వాత మైదానంలో ఆ జోరు నిలవలేదు. గేములో మాత్రం నిలిచిపోయింది.

రెండో స్థానం విని చాలామంది నవ్వుతారు. ఒబాఫెమీ మార్టిన్స్. 2006 ఆగస్టులో ఇంటర్ నుంచి న్యూకాజిల్‌కి వెళ్లిన నైజీరియా ఫార్వర్డ్. పాస్ అంతంత మాత్రం, షాట్ ఫరవాలేదు. వేగం మాత్రం ఎర్రంకెల్లో. అతన్ని వాడటానికి కుడి యారో, స్ప్రింట్ చాలు. సరళరేఖలో పరుగు, వెనకనుంచి ఒక త్రూ పాస్. రెండు కీలు నొక్కి పట్టుకున్నప్పుడు ఏ కీబోర్డూ ఎదురు చెప్పదు. రొనాల్డీన్యోని మార్టిన్స్ కింద పెడితే ఫుట్‌బాల్ ప్రేమికులకి కోపం రావచ్చు, కానీ నెట్ సెంటర్ కీబోర్డుకి అది తెలియదు. మార్టిన్స్‌కి విరుగుడు కూడా ఉంది. డిఫెన్స్ లైన్‌ని కిందికి దించి, ఆఫ్‌సైడ్ ట్రాప్ జోలికి పోకుండా ఉంటే అతని ముందు ఖాళీ మిగలదు. స్ప్రింట్ అదేపనిగా నొక్కేవాడి మార్టిన్స్ 70వ నిమిషానికి అలిసిపోతాడు. అప్పటిదాకా కాచుకోవాలి, అంతే.

మూడో స్థానంలో ఆర్సెనల్ ఆన్రీ. అతను కుడికాలి ఆటగాడు, ఎడమ వైపు నుంచి లోపలికి వస్తాడు. మామూలు కెమెరాలో మనం ఎడమ నుంచి కుడికి దాడి చేస్తుంటే ఎడమ వింగ్ తెర పైభాగంలో ఉంటుంది. కింది యారో, కుడి యారో కలిపితే సరిగ్గా 45 డిగ్రీల ఏటవాలు. ఆన్రీ లోపలికి కోసుకొచ్చే దారి కూడా అదే. ఎనిమిది దిక్కుల కీబోర్డు మిగతావాళ్ల కాళ్లు కట్టేస్తుంటే, ఆన్రీకి మాత్రం దారి గీసి ఇస్తుంది. పెనాల్టీ బాక్స్ అంచుకి రాగానే స్ప్రింట్ వదిలి, గురిచూసి కొట్టే కీ కలిపి దూరపు పోస్ట్ మీదికి వేయాలి. సగం అయ్యాక జట్లు అటూ ఇటూ మారతాయి కనుక యారోలూ మారతాయి. రెండో సగంలో ఆన్రీ పనిచేయడం లేదనేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

రొనాల్డీన్యో నాలుగు. ఫిఫా 07లో అతని కనికట్లు ప్యాడ్‌లోని కుడి స్టిక్ మీద ఉన్నాయి. కీబోర్డుకి కుడి స్టిక్ లేదు. ఇంకేం మాట్లాడతాం?

ఇంకా పాత గేముల్లోకి వెళ్తే ర్యాంకులే కొంచెం వింతగా ఉంటాయి. 1993 నాటి మొదటి ఫిఫా ఇంటర్నేషనల్ సాకర్‌లో నిజమైన పేర్లే లేవు. అందులో మొనగాడు ఎవరంటే, గోల్‌కీపర్ బంతి తన్నేటప్పుడు అతని ముందు అడ్డంగా నిలబడ్డ ఎవడైనా సరే. బంతి వాడికి తగిలి గోల్‌లోకి పోయేది. 1995 నాటి ఇంటర్నేషనల్ సూపర్‌స్టార్ సాకర్ డీలక్స్‌లో బ్రెజిల్ 7వ నంబరు అలెహోని ఇప్పటికీ తలుచుకునేవాళ్లున్నారు. అసలు పేర్లు వాడే హక్కులు లేక కొనామి కల్పించిన పేరది. అసలు మనిషి బెబెటో అని ఎక్కువమంది నమ్మకం. రాబర్టో కార్లోస్ రాబర్టో లార్కోస్ అయింది కూడా ఆ హక్కుల గొడవతోనే.

కల్పిత పేర్లలో నా ఓటు కాస్టోలోకి. పెస్ మాస్టర్ లీగ్ మొదలుపెట్టగానే మన చేతికొచ్చే నాసిరకం జట్టులో ఫార్వర్డ్ అతను. మినాండా, ఇవరోవ్, ఎస్పిమాస్, హిమెలెజ్ తోటివాళ్లు. అడ్రియానోని కొంటే జీతాల పద్దు పెరిగిపోతుంది. సీజన్ చివర జీతాలకి పాయింట్లు చాలక ఖాతా సున్నా కిందికి పోతే ఆట అక్కడితో సరి. కాస్టోలో జీతం తక్కువ. మొదటి సీజన్ అతనితోనే ఈది, పాయింట్లు కూడబెట్టి, ముందు గోల్‌కీపర్‌నీ సెంటర్ బ్యాక్‌నీ కొనాలి. ఫార్వర్డ్‌ని చివర కొనాలి. చాలామంది తలకిందులుగా చేసి రెండో సీజన్‌లో దివాలా తీస్తారు.

జట్టుని మేనేజరుగా నడిపే గేము చాంపియన్‌షిప్ మేనేజర్ 01/02ని ఈ కొలతలోకి లాగకూడదు. అది మౌస్‌తో ఆడేది, చేతివాటంతో పనిలేదు. అందులో టో మదీరాని మొదట పెట్టడం అలవాటు. కానీ ఆ పేరుతో ఆటగాడే లేడు. పోర్చుగల్ చిన్న క్లబ్బు గురించి సమాచారం ఇచ్చే మనిషి తనని తానే అందులోకి ఎక్కించుకున్నాడు. సంగతి బయటపడ్డాక అప్‌డేట్‌లో తీసేశారు. దొంగ ఓటుకి ర్యాంకు ఎందుకు? డైనమో మిన్స్క్ కుర్రాడు మాక్సిమ్ సిగాల్కోకి ఇవ్వడం న్యాయం. గేములో గోల్స్ కుండపోత. అసలు జీవితంలో దెబ్బలతో ఆట మధ్యలోనే ఆగిపోయింది, 2020 డిసెంబరులో 37 ఏళ్లకే చనిపోయాడు.

ఈ వరస ఒప్పుకోనివాళ్లు స్వయంగా తేల్చుకోవచ్చు. పెస్ 6లో ముందుగా మై డాక్యుమెంట్స్‌లోని కొనామి ఫోల్డర్ తెరిచి, సేవ్ ఫోల్డర్‌ని పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఆప్షన్ ఫైల్ పాడై, మార్చుకున్న పేర్లూ జట్లూ అన్నీ పోతాయి. తర్వాత ఇద్దరు ఆటగాళ్ల కండిషన్ బాణం, అంటే ఆ మ్యాచ్‌లో వాళ్ల జోరు చూపే గుర్తు, ఒకే రంగులో ఉందో లేదో చూసుకోండి. ఒకడికి పైకి చూపే ఎర్ర బాణం, రెండోవాడికి కిందికి చూపే బాణం ఉంటే ఆ పోలిక చెల్లదు. ఒకే చోటు నుంచి ఒక్కొక్కరితో 20 షాట్లు, అందులో 10 కదలకుండా, 10 పరిగెడుతూ. పడిన గోల్స్‌తో పాటు, నొక్కినా పడని షాట్లు ఎన్నో కూడా రాసుకోండి. ఒకే కీబోర్డు పంచుకుంటున్నట్టయితే పక్కవాడు ఏ కీ మీదా వేలు పెట్టకుండా చూడాలి. వాడు పాస్ కీ నొక్కి పట్టుకున్నా మీ షాట్ పడకపోవచ్చు, ఆ కిటుకు తెలిసిన కుర్రాళ్లు ఊరికి నలుగురైనా ఉంటారు.