మంచం పక్కనున్న పుస్తకాల దొంతరకు బహిరంగ విన్నపం

మహారాజశ్రీ పుస్తకాల దొంతరగారి దివ్యసముఖానికి,

ఇన్నేళ్లుగా తమ నీడలో నిద్రపోతూ, తమ బరువుకు బల్ల కాలు ఒకటి పక్కకు వంగుతున్నా నోరెత్తకుండా ఊరుకున్న పాఠకుడు అనేక నమస్కారాలతో చేసుకుంటున్న విన్నపం. తమ క్షేమసమాచారం వేరే అడగనక్కరలేదు. కిందటి నెలలో మంచంకోడు ఎత్తున ఉన్న తమరు నా దిండును దాటి, నీళ్ల గ్లాసు పెట్టుకునే చోటును కూడా ఆక్రమించిన సంగతి నిన్న రాత్రి దీపం ఆర్పబోతూ గమనించాను. గ్లాసు ఇప్పుడు తమ నెత్తి మీదే ఉంటోంది.

నా ఫిర్యాదు ముఖ్యంగా తమ పాలనావిధానాన్ని గురించి. తమ కొలువులో నిన్న వచ్చిన పుస్తకానికి సింహాసనం, ఆరేళ్ల కిందట వచ్చిన పుస్తకానికి పాతాళం. ఏ కచేరీలోనైనా ముందు వచ్చిన అర్జీని ముందు విచారించాలన్న నియమం కాగితం మీదైనా ఉంటుంది. తమ దగ్గర, ఇంత కాగితం ఉండి కూడా, ఆ మాత్రం మర్యాద లేదు. అట్టడుగున ఉన్న సముద్రయానాల చరిత్రను పైకి తీయాలంటే దాని మీదున్న 38 పుస్తకాలను రెండు చేతులతో ఎత్తి, గడ్డంతో అదిమిపట్టి, ఒంటికాలి మీద నిలబడి, ఖాళీగా ఉన్న రెండో కాలి బొటనవేలితో దాన్ని బయటికి లాగాలి. ఆ భంగిమలో ఉండగా పైనున్న పలచని కథల సంపుటి జారి పాదం మీద పడుతుంది. పడ్డదాన్ని తీసి, అట్ట తుడిచి, ఏముందో చూద్దామని మొదటి పేజీ తెరుస్తాను. సముద్రయానాలు మరో ఏడాది అక్కడే లంగరు వేసుకుంటాయి.

తమ జమాఖర్చులు కూడా పరిశీలించాను. నెలకు మూడు పుస్తకాలు లోపలికి వస్తున్నాయి. నేను బుద్ధిగా చదివిన నెలలో రెండు బయటికి పోతున్నాయి. నా కంటిచూపు ఇంకా 25 ఏళ్లు నిలుస్తుందని ఉదారంగా వేసుకున్నా, చదవగలిగేవి 600. అప్పటికి తమలో కొత్తగా పేరుకునేవి 300. ఇప్పుడున్న 39 వీటికి అదనం. ఈ లెక్క తేలిన రోజున నాకు చాలా దిగులు వేసింది. ఆ దిగులు పోగొట్టుకోవడానికి ఒక పుస్తకం కొన్నాను.

జపాన్‌వారు తమ వంటివారికి ఏనాడో ఒక పేరు పెట్టారు. కొన్న పుస్తకాలను చదవకుండా పేర్చిపెట్టే అలవాటును వారు 'త్సుండోకు' అంటారు. పేర్చి ఉంచడాన్ని చెప్పే మాటనూ, చదవడాన్ని చెప్పే మాటనూ అతికించి మెయిజీ చక్రవర్తి ఏలిన కాలంలో ఎవరో చేసిన చమత్కారమట అది. పేరు పెట్టారే గాని మందు చెప్పలేదు.

గ్రంథాలయాలకు 1931లో ఐదు సూత్రాలు రాసిపెట్టిన ఎస్. ఆర్. రంగనాథన్ తమ ముందు నిలబడితే ఏమనేవారో ఊహించలేను. పుస్తకాలు ఉపయోగించడానికే అన్నది ఆయన మొదటి సూత్రం. గ్లాసుకూ, కళ్లజోడుకూ, అప్పుడప్పుడు నా మోచేతికీ ఆధారమై తమరు దాన్ని అక్షరాలా పాటిస్తున్నారు. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు అన్న రెండు, మూడు సూత్రాల దగ్గర లోటు నా వైపే ఉందని ఒప్పుకుంటాను: 39 పుస్తకాలకూ నేనొక్కడినే దిక్కు. పాఠకుడి కాలాన్ని ఆదా చేయాలన్న నాలుగో సూత్రాన్ని తమ సముఖంలో ప్రస్తావించడమే అమర్యాద అవుతుంది. గ్రంథాలయం పెరిగే ప్రాణి అన్న ఐదోదాన్ని మాత్రం తమరు ఎవరూ బోధించకుండానే వంటబట్టించుకున్నారు.

నేరమంతా తమ ఒక్కరిదేనని నేను అనడం లేదు, సహముద్దాయిలున్నారు. బల్ల మీద పరుచుకుని చదవవలసిన బరువైన ప్రతులకు బదులుగా, చేతిలో ఇమిడే పరిమాణంలో ప్రాచీన కావ్యాలను 1501లో వెనిస్ నగరంలో అచ్చు వేయడం మొదలుపెట్టిన ఆల్డస్ మనూటియస్ వారిలో ఒకడు. పుస్తకం మనిషితో పాటు పడకగది దాకా నడిచి రావడానికి దారి చేసినవాళ్లలో అతణ్ణి ముందు నిలబెట్టాలి. అతనికి వెయ్యేళ్లకు పైగా ముందు, నాలుగో శతాబ్దంలో, మిలాన్ బిషప్ ఆంబ్రోస్ పెదవి కదపకుండా కళ్లతోనే చదివేవాడని క్రైస్తవ తత్త్వవేత్త అగస్టీన్ రాసిపెట్టాడు. చూడవచ్చినవారు చాలాసేపు ఎదురుగా మౌనంగా కూర్చుని, చదువుకు అడ్డు తగిలే ధైర్యం చాలక లేచి వెళ్లిపోయేవారట. ఆ మర్యాద మా ఇంట్లోకి ఇంకా ప్రవేశించలేదు. గోడ వైపు చూస్తూ కూర్చుంటే ఏదో ఆలోచిస్తున్నాడని వదిలేసే మనుషులే, చేతిలో పుస్తకం కనబడితే చాలు, 'ఎలాగూ ఊరికే ఉన్నావుగా' అని మొదలుపెడతారు.

అరువు అడిగేవారి సంగతీ ఇక్కడే చెప్పాలి. తమలో ఒక్కదానినైనా ఎవరూ ముట్టుకోరు. నేను నాలుగుసార్లు చదివి, గీతలు గీసి, ప్రాణంలా చూసుకునేది ఎదురుగా అలమరలో ఉంటే సరిగ్గా దాన్నే ఏరి పట్టుకుపోతారు, పరహస్తగతం గతః. ఇంగ్లండ్‌లోని హెర్‌ఫర్డ్ కెథీడ్రల్‌లో పుస్తకాలకు గొలుసులు వేసిన గ్రంథాలయం నేటికీ ఉంది. గొలుసును ముందరి అట్ట అంచుకు తగిలిస్తారు కాబట్టి అక్కడి పుస్తకాలు వెన్ను లోపలికీ, పుటల అంచులు బయటికీ పెట్టుకుని నిలబడతాయి. పేరు కనబడదు, ఇంటికి పట్టుకుపోవడం కుదరదు. పరిశీలించదగిన ఏర్పాటు.

తమరు లేని కాలం కూడా నాకు గుర్తుంది. చిన్నతనంలో నాకు చదవడానికి ఏదీ చాలేది కాదు. చేతికందిన ఒక్క పుస్తకం అయిపోతుందన్న భయంతో చివరి ఇరవై పేజీలను రోజుకు నాలుగు చొప్పున కొలుచుకుని చదివిన సెలవులు ఉన్నాయి; నాలుగో పేజీ చివరికి వచ్చేసరికి ఎదుటి పేజీ మొదటి వాక్యం కంటపడకుండా అరచేత్తో మూసుకునేవాణ్ణి. పుస్తకం లేని రోజున మందు సీసాతో వచ్చిన కాగితాన్ని మడతలు విప్పి చివరి అక్షరం దాకా చదివేవాణ్ణి. ఇప్పుడు ఆ మందు అవసరం నాకే పడింది, ఆ అక్షరాలు మాత్రం కనబడటం లేదు. కంటిలోని కటకం వయసుతో బిరుసెక్కుతుంది కాబట్టి నలభై దాటాక చత్వారం తప్పదన్నారు. కొంతకాలం పుస్తకాన్ని దూరంగా పట్టుకుని నెట్టుకొచ్చాను. తరవాత చేతుల పొడవు చాలలేదు. పదమూడో శతాబ్దం చివర్లో ఇటలీలో ఎవరో పుణ్యాత్ముడు కళ్లజోడును కల్పించకపోయి ఉంటే తమతో నా సంబంధం ఈపాటికి తెగిపోయేది. రాత్రి తమ మీద పెట్టిన ఆ కళ్లజోడును తెల్లవారేసరికి తమ వెనక గోడ సందులోకి తోసేయడం ఏ కృతజ్ఞతో తమరే సెలవివ్వాలి.

మొన్న దుమ్ము దులుపుతుంటే తమ నడుమ నుంచి ఒక నవల బయటపడింది. చదవనిదే అనుకుని తెరిచాను. 112వ పేజీలో ఒక పాత రైలు టికెట్టు, అచ్చు వెలిసి తెల్లబడి ఉంది. 40వ పేజీ అంచున నా దస్తూరీతోనే, పెన్సిలుతో, 'ఎంత నిజం!' అని రాసి ఉంది. ఆ పేజీని మూడుసార్లు చదివాను. అందులో ఉన్నదల్లా ఒక మనిషి గొడుగు మరిచిపోయి, దానికోసం వచ్చిన దారినే వెనక్కి వెళ్లడం. వానైనా లేదు. ఆ పెన్సిలు పట్టుకున్నవాడికి అందులో అంత నిజం ఎక్కడ కనబడిందో, ఆనవాలు కూడా లేకుండా అది నాలోనుంచి ఎప్పుడు పోయిందో, అంత మెచ్చుకున్నవాడు 112 దగ్గర ఎందుకు దిగిపోయాడో టికెట్టు కూడా చెప్పలేదు. తమలో ఉన్న మిగిలిన 38లో ఇంకెన్నింటి అంచుల మీద నా దస్తూరీ ఉందో ఇప్పుడు చూడాలంటే కొంచెం జంకుగా ఉంది.

కనుక ఇకమీదట రెండు పుస్తకాలు బయటికి వెళ్లేదాకా కొత్తది ఒక్కటీ తమలో చేరకూడదని షరతు విధిస్తున్నాను. ఎల్లుండి రావలసినదానికి ఇది వర్తించదు. బహుమతిగా వచ్చినవి, పాతవైపోయి మళ్లీ దొరకనివి, ఇంతకుముందే ఉన్నా ఎక్కడుందో కనబడనివి కూడా మినహాయింపులే.

ఆ నవలను మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టి నిన్న రాత్రికి 57వ పేజీ చేరాను. రైలు టికెట్టు మడత దగ్గర చినిగిపోయింది కాబట్టి ఈ లేఖనే నాలుగు మడతలు పెట్టి అక్కడ ఉంచుతున్నాను; తమకు అందినట్టే భావిస్తాను. గొడుగు కోసం వెళ్లినవాడు ఇంకా తిరిగి రాలేదు.

ఇట్లు,
తమ విధేయ పాఠకుడు